పాముచారల సన్నాయి

కట్టె పగిలితే అందరూ వడ్రంగినే తిడతారు. ఎండను తిట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆర్మూరు మార్కెట్ యార్డు వెనక సందులో కొట్టు పెట్టినప్పటి నుంచీ తిట్లు తింటూనే ఉన్నాను కాబట్టి నా నోరూ కాస్త కరుకే అని ముందే చెబుతున్నాను. నా పేరు దేవయ్య. తలుపులూ కిటికీలూ ఫ్యాక్టరీల నుంచి దిగుతున్న ఈ రోజుల్లో నేను లేత్ మిషను మీద సన్నపని చేసుకుని బతుకుతున్నాను. కుంకుమ భరిణెలు, చేతికర్రల పిడులు, వీణ బిరడలు, అలాంటివి. కొనేవాళ్లు హైదరాబాదు నుంచి వస్తారు. ఊరివాళ్లు వచ్చి, చేతిలో తిప్పి చూసి, "మస్తుగ చేసినవ్ దేవన్నా" అని మెచ్చుకుని, పోయి స్టీలు డబ్బా కొనుక్కుంటారు.

భూమిక నా కొట్టుకు వచ్చేనాటికి వాళ్ల తాత కాశీరాం పోయి ఎంతోకాలం కాలేదు. వేల్పూర్ నుంచి ఏర్గట్ల దాకా కాశీరాం సన్నాయి లేకుండా పెద్దింటి పెళ్లి జరిగేది కాదు. అలాంటి మనిషి పోతే, ఆయన చిన్నకొడుకు ఎంకటి ఆ సన్నాయిని తెచ్చి తండ్రి గుండెల మీద పెట్టి నిప్పంటించాడు. "ఇంట్ల ఊదెటోడు ఇంకెవ్వడున్నడు దేవన్నా, బాపుతోనె పోనియ్యి" అన్నాడు నాతో. ఊదే మనిషి ఇంట్లోనే ఉంది. చిన్నప్పటి నుంచీ తాత ముందు కూచుని నేర్చుకున్న మనవరాలు, ఎంకటి అన్న కూతురు భూమిక. ఎంకటికి బ్యాండు ఉంది, కీబోర్డు ఉంది, మనిషెత్తు స్పీకర్లున్నాయి. ఆడపిల్ల పెళ్లిపందిట్లో కూచుని సన్నాయి ఊదుతుందన్న మాట ఆయన బుర్రకు ఎక్కలేదు. అక్కడే నేను గొంతు చించుకుని అరిచాను. చితి ముందు అరవకూడదని నలుగురూ నన్ను బయటికి తీసుకొచ్చారు.

"మామా, నాకో సన్నాయి చేసియ్యి" అంది భూమిక గడప మీద నిలబడి. "తాత తీర్గ ఊదుత అంటలేను. కానీ నేనూదితే జనం ఇనాలె."

కోపంలో పట్టిన పని కదా, మామూలు కట్టె నా కంటికి ఆనలేదు. ఎంకటి చూసి నోరెళ్లబెట్టాలి, అలాంటిది కావాలి. నా దగ్గర ఒక కర్ర ఉంది. దక్షిణ అమెరికా అడవుల నుంచి ఓడలెక్కి వచ్చిన కట్టె. ఎర్రటి ఒంటి మీద నల్లటి మచ్చలు, నూనె రాస్తే అచ్చం పాము వీపులాగా తేలుతాయి. నేను పాముకట్టె అంటాను. పెళ్లిలో వాయించేదానికి ఆ పేరేమిటని ఎవరైనా అడుగుతారని బయట మాత్రం అనలేదు. బరువు ఎంతంటే నీళ్లలో వేస్తే మునుగుతుంది. గట్టితనం ఎంతంటే ఉలి అంచు చూస్తుండగానే మొద్దుబారుతుంది. అందం సంగతి చెప్పక్కర్లేదు. బుద్ధి మాత్రం పెళ్లికొచ్చిన మేనత్త బుద్ధి, ఎప్పుడు దేనికి అలుగుతుందో తెలియదు. అలిగిందంటే నిలువునా పగులుతుంది.

ఆ దుంగలో సగం అప్పటికే నా చేతుల్లో పోయింది. భరిణె చేద్దామని లేత్‌కి ఎక్కిస్తే, పని అంతా బాగానే నడిచి, తీసి బల్ల మీద పెట్టి చాయ్ తాగుతుంటే టక్కుమని చప్పుడైంది. చూస్తే పైనుంచి కింది దాకా గీత. రెండో సగం ఒక్కటే మిగిలింది. దాని రెండు కొనలకూ మైనం పూసి, గోనెపట్టాలో చుట్టి, మంచం కింద చీకట్లో పెట్టుకున్నాను. కట్టెలో తడి కొనల నుంచే తొందరగా పారిపోతుంది. లోపల తడి ఉండి కొనలు ఎండితే పగులు అక్కడే మొదలవుతుంది. అందుకే మైనం.

సన్నాయి చేయడంలో ప్రాణం పోయేది తొలిచేటప్పుడు. తొలిచే బర్మా తిరుగుతుంటే లోపల వేడి పుడుతుంది. వేడికి ఈ కట్టె ఊరుకోదు. కొంచెం తొలవడం, ఆపడం, పొట్టు దులపడం, చేత్తో తాకి చూడడం, వెచ్చగా ఉంటే ఆ రోజుకు దాన్ని గోనెలో చుట్టి పక్కన పెట్టేయడం. మా ఆవిడ పోచవ్వ "బాలింతకు గూడ గింత సేవ చెయ్యరు" అని వెక్కిరించింది. ఆ చివర బర్మా మొన బయటికి కనబడ్డప్పుడు నేను మిషను ఆపేసి, ఊపిరి బిగబట్టి, చప్పుడు కోసం విన్నాను. ఏ చప్పుడూ లేదు. అప్పుడు కూచుని ఏడ్చినంత పని చేశాను.

రంధ్రాలు వేసి, ఉప్పుకాగితంతో రుద్ది, లోపలా బయటా నూనె పట్టించి, కింద ఇత్తడి గంట తొడిగి భూమిక చేతిలో పెట్టాను. ఆ పిల్ల ఊదలేదు ముందు. చెంపకు ఆనించుకుంది.

"ఇన్నవా పిల్లా" అన్నాను. "గిది కొత్త కట్టె. దినాం జరంతసేపే ఊదు. ఊదినంక లోపల గుడ్డతోని తుడువు. నీ ఊపిరిల తడి ఉంటది, గా తడికి లోపల కట్టె ఉబ్బుతది. బయట కట్టె ఎండి ముడుసుకుంటే నడుమ చీలుతది. ఎండ సూపియ్యకు. ఏసీ గాలి సూపియ్యకు. చంటిపిల్లను సూసినట్టు సూడు."

"పాలు గూడ పట్టాల్నా మామా?" అని నవ్వింది. కానీ చెప్పింది చెప్పినట్టే చేసింది. నెలల తరబడి రోజూ పొద్దున్నే వాళ్లింటి వైపు నుంచి కాసేపు సన్నాయి వినిపించేది, ఆగిపోయేది. ఇంకాసేపు ఊదితే బాగుండు అనిపించేది, అయినా ఆపేది.

యార్డులో రైతుల పసుపు అమ్మించే అడ్తి సేటు వెంకటరాజం కూతురు స్నేహ పెళ్లి కుదరడంతో అసలు పరీక్ష వచ్చింది. సేటు తల్లి లక్ష్మీబాయికి కాశీరాం సన్నాయంటే ప్రాణం. ఆయన మనవరాలు ఊదుతుందని విని, "నా మనవరాలి లగ్గానికి గా పిల్లనే పిలువురి" అని పట్టుబట్టింది. సేటు తల్లి మాట కాదనలేదు, కానీ వ్యాపారి కదా, ఎంకటి బ్యాండును కూడా పిలిచాడు.

భూమికను, ఎంకటిని పక్కపక్కన నిలబెట్టి చెప్పాడు. "పుస్తె కట్టేటప్పుడు సప్పుడు ఆగద్దు. ఆగితే అపశకునమంటరు, మా అవుతలోళ్లకు, పిలగానోళ్లకు, నేనేం జవాబు చెప్త? పిల్ల ఊదుతది. జర తడబడ్డదా, ఎంకటీ, నువ్వు కీబోర్డు అందుకో."

ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. ఆ పందిట్లో సన్నాయి నిలబడితే అడ్తి సేట్ల ఇళ్లన్నీ భూమికను పిలుస్తాయి. మధ్యలో ఆగితే ఇక జన్మలో ఏ పందిట్లోనూ ఆమెను కూచోబెట్టరు. ఎంకటి మాత్రం "ఫికర్ చెయ్యకు సేటూ, నేనున్న గదా" అని ధైర్యం చెప్పాడు. ఎవరికి చెప్పాడో గాని నాకు ఒళ్లు మండింది.

వైశాఖ మాసం. పొద్దున పూటే ఎండ నెత్తిన కూచుంది. పిలిచినా పిలవకపోయినా నేను వెళ్లేవాణ్ణే. సేటు ఇంటి ముందు పందిరి, లోపల కూలర్ల హోరు. భూమిక పట్టుచీర కట్టుకుని మేళం వాళ్ల చాప మీద ఉత్త చేతులతో కూచుని ఉంది.

"సన్నాయేది?"

"పసుపు పెడ్తందుకు సేటువాళ్ల అవ్వ తీసుకపోయింది మామా. కొత్త వాయిద్యం గదా."

అది మామూలే. లగ్గానికి ముందు ఇంటి పెద్దావిడ డోలుకూ సన్నాయికీ పసుపు కుంకుమ పెట్టి మొక్కాలి. అన్నిచోట్లా వేలితో ఒక బొట్టు పెడతారు. కానీ ఇది ఆర్మూరు, పైగా అడ్తి సేటు ఇల్లు. పసుపు మీద బతికే ఇంట్లో బొట్టుతో సరిపెడతారా? లోపలికి పోయాను. దేవుడి గదిలో లేదు. వంటవాళ్లను అడిగితే ఒకామె పైకి చూపించింది.

మెట్లెక్కి డాబా మీదికి పోయేసరికి కళ్లు బైర్లు కమ్మాయి. మండుతున్న సిమెంటు మీద తెల్లగుడ్డ పరిచి, దాని మధ్యలో నా సన్నాయి. పైనుంచి కింది దాకా పచ్చిపసుపు ముద్ద. అంచులు అప్పుడే ఎండి బీటలు వారుతున్నాయి. పక్కన మెట్లగది నీడలో లక్ష్మీబాయి కుర్చీ వేసుకుని, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కాపలా కాస్తూ ఉంది.

"అమ్మా! ఎంతసేపాయె పెట్టి?"

"పొద్దుగాల్నే పెట్టిన" అంది సంబరంగా. "పచ్చి పసుపు నూరి, గోరెచ్చ నీళ్లల్ల కలిపి నిండుగ రాసిన దేవయ్యా. తడితడిగ పిల్ల చేతికెట్లిస్త? ఎండ తగిలితే గట్టిపడ్తది, కణేల్మని మోగుతది."

ఆమె తప్పు ఏముంది చెప్పండి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె చూసింది పసుపునే. ఉడకబెట్టిన కొమ్ము ఎంత ఎండితే అంత మంచిది. విరిస్తే కణేల్మని మోగిందే మేలు సరుకు. ఎండబెడితే బాగుపడని వస్తువు ఒకటి లోకంలో ఉంటుందని మా ఊళ్లో ఎవరికీ తోచదు. ఇవన్నీ నేను తర్వాత తీరిగ్గా ఆలోచించుకున్నవి. అప్పుడు మాత్రం "గిది పసుపుకొమ్మా అమ్మా! కట్టెను సంపినవ్!" అని అరిచేశాను. పెళ్లింట్లో చంపడం అన్న మాట విని ఆమె బిత్తరపోయింది.

ఒంటి మీది కండువాతో సన్నాయిని చుట్టి నీడలోకి తెచ్చాను. పట్టుకుంటే అప్పుడే పెనం మీంచి తీసిన రొట్టెలా కాలుతోంది. పసుపు మెల్లగా తుడిచాను. పైన రంధ్రాలన్నీ బాగానే ఉన్నాయి. కిందికి వచ్చేసరికి ఇత్తడి గంట అంచు నుంచి వెంట్రుకంత గీత. గోరు పెడితే గోరు దిగింది. అంగుళం పొడవు పైకి పోయి, కిందివైపు చివరి రంధ్రానికి కాస్త ఇవతల ఆగి ఉంది.

కట్టె బయటంతా ఎండి బిగుసుకుని ఉంది. ఇప్పుడు దాని లోపలికి ఊపిరి తడి పోతుంది. ఆపకుండా, లగ్గం అయ్యేదాకా.

కిందికి దిగి భూమికను పక్కకు పిలిచి చూపించాను. ఆమె ముఖంలో రంగు పోయింది. గీత మీద వేలు పెట్టి, నా ముఖంలోకి చూసి, మళ్లీ గీత మీద వేలు పెట్టింది.

"వద్దు బిడ్డా" అన్నాను. "నడుమల ఆగుడు కన్న మొదలే మానుడు నయం. పాణం బాగలేదని చెప్త. ఎవ్వరేమనరు."

"ఎవ్వరేమనరు మామా" అంది. "ఇంకోపారి పిలువరు గూడ."

అవతల చాప మీద నుంచి ఎంకటి మమ్మల్నే చూస్తున్నాడు. కీబోర్డు మీద గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టాడు.

"గీత ఎక్కడిదాంక పోతది?"

"నాకేం జోతిష్యం ఒచ్చా? కింద నుంచి మీదికి పోతది. ఏ బొక్క దాటితే గా బొక్క స్వరం పోతది. ముందుగాల కిందిది, ఎనుకనే దాని మీదిది."

"అంటే కింద నుంచి ఒక్కొక్కటి పోతయ్. మీదివి ఉంటయ్" అంది తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. "సరే, కట్టు."

పురోహితుడి పళ్లెంలో కంకణాలకని పెట్టిన నూలు ఉండ ఉంది. అడగకుండానే తీసుకున్నాను. దాన్ని నీళ్లలో ముంచి, ఇత్తడి గంట పైన గీత మీద వేసి, పళ్లతో లాగి లాగి చుట్టాను. తడి నూలు ఆరేకొద్దీ బిగుస్తుంది. చుట్టిన దాని మీద దీపం దగ్గర కరిగించిన మైనం పూశాను. రంధ్రాల మీద చుట్టలేను, అక్కడ ఆమె వేళ్లు ఉండాలి. అప్పుడే లోపల నుంచి "మేళం!" అని కేక వేశారు.

ఆమె కూచుని సన్నాయి కొసనున్న రెల్లు పీకను నాలుకతో తడిచేసుకుని ఊదింది. పందిట్లో మాటలు ఆగాయి. ఆ కట్టె గొంతు నేను ఒక్కసారి కూడా అంతసేపు విన్నవాణ్ణి కాదు. కిందిస్థాయిలో గంభీరంగా, కాస్త జీరగా, పెద్దమనిషి పిలిచినట్టు పలికింది. ఏ దేశపు అడవిలోనో పుట్టిన మాను మా పసుపు ఊళ్లో పలుకుతోంది, చేసింది నేను. గర్వపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. అంతలోనే గీత గుర్తొచ్చింది. నేను ఆమెకు వెనకగా, సన్నాయి కనబడేంత దగ్గరగా పందిరి గుంజకు చేరగిలబడ్డాను.

వరుణ్ణి తెచ్చి కూచోబెట్టారు. తెర పట్టారు. జీలకర్ర బెల్లం వేళకు భూమిక పాట కిందికి దిగాల్సిన చోట దిగి, చివరి స్వరం మీద సన్నగా కీచుమంది. ఒక్క క్షణమే. వెంటనే పైకి ఎగబాకింది. జనానికి తెలియలేదు. నాకు తెలిసింది. నూలు చుట్టు దాటి గీత కిందనుంచి మొదటి రంధ్రాన్ని తాకింది.

తర్వాత ఆమె మళ్లీ ఆ స్వరం జోలికి పోలేదు. పాట అక్కడికి వచ్చేసరికి దాన్ని దాటేసి పక్కనుంచి తిప్పుకొచ్చింది. అది వినడానికి కొత్త సొగసులాగా ఉంది గాని, నేను చూస్తున్నది వేరు. గీత నల్ల మచ్చల మధ్య నుంచి పాకుతోంది. ఊపిరి పోయినప్పుడల్లా సన్నగా తెరుచుకుంటోంది. రెండో రంధ్రం కూడా పోయింది. ఆమె వేళ్లు ఇంకాస్త పైకి జరిగాయి. ఇల్లు మునుగుతుంటే మనుషులు అటక మీదికి చేరినట్టు ఆమె పాట పైకి పైకి పోతోంది.

పురోహితుడికి మాత్రం తొందర లేదు. కన్యాదానం మంత్రాలు సాగదీస్తూనే ఉన్నాడు. మధ్యలో ఆపి ఫొటోగ్రాఫర్ కోసం చెయ్యి ఇంకోసారి పట్టించాడు. ఆ ఫొటోగ్రాఫర్‌ను మెడపట్టి గెంటేయాలనిపించింది. వెంకటరాజం సేటు మంటపం మీద నుంచి మాటిమాటికీ మేళం వైపు చూస్తున్నాడు. సన్నాయి మరీ పైస్థాయిలో పలుకుతోందని ఆయన చెవికి కూడా తెలిసినట్టుంది. కనుబొమలెత్తి ఎంకటికి సైగ చేశాడు.

ఎంకటి వేళ్లు కీల మీద పెట్టాడు. నొక్కితే అయిపోయినట్టే. ఆ స్పీకర్ల మోతలో సన్నాయి ఉందో లేదో కూడా తెలియదు. భూమికకు అది కనబడింది. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి, అయినా బుగ్గలు పొంగించి ఊదుతూనే ఉంది.

ఎంకటి నొక్కలేదు. తల వంచి వింటున్నాడు. ఎంతైనా కాశీరాం కొడుకు. చిన్నప్పటి నుంచీ సన్నాయి చప్పుడులో పెరిగినవాడు. కింది స్వరాలు ఒక్కొక్కటి ఎందుకు పోతున్నాయో ఆ చెవికి తెలియకుండా ఉంటుందా. సేటు మళ్లీ సైగ చేశాడు. ఎంకటి చూడనట్టు నటించాడు. ఆ క్షణంలో వాడి మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

"గట్టిమేళం! గట్టిమేళం!"

డోలు విరుచుకుపడింది. పుస్తె ఎత్తారు. భూమిక దగ్గర మిగిలినవి పైనున్న రెండు మూడు స్వరాలే. వాటినే పట్టుకుని ఊదింది. మెడలో నరాలు తేలాయి. నా చెవులు ఆ రొదలోనే టక్కుమన్న చప్పుడు విన్నాయి. నూలు చుట్టు తెగింది. ఆమె సన్నాయిని కింద భాగంలో ఎడమచేత్తో గొంతు పట్టుకున్నట్టు బిగించి పట్టుకుని, కుడిచేతి వేళ్లతో పైన ఒక్క స్వరం మీద నిలబడింది. అది కదల్లేదు, తగ్గలేదు. మొదటి ముడి, రెండో ముడి, మూడో ముడి. అక్షింతలు పడ్డాయి. ఇంకా ఒక ఊపిరి నిలిపి, అప్పుడు దించింది.

తలంబ్రాలకు ఎంకటి కీబోర్డు అందుకున్నాడు. అది ఎలాగూ వాళ్ల వంతే. లక్ష్మీబాయి మంటపం దిగి గబగబా వచ్చి భూమిక తల నిమిరి, నా వైపు తిరిగింది.

"సూసినవా దేవయ్యా! ఊకె ఒర్లినవ్ నా మీద. ఎండల పెట్టినందుకే గంత మీదికి పలికింది!"

నేను నోరు తెరిచాను. భూమిక నా మోచెయ్యి గట్టిగా నొక్కింది. నోరు మూసుకున్నాను. అది నా జీవితంలో అరుదైన ఘట్టం.

పందిరి వెనక్కి పోయి ఆమె పిడికిలి విప్పింది. కట్టె రెండు పేళ్లుగా విడిపోయి ఆమె అరచేతిలో పడింది. లోపలి తొలుపు, నా బర్మా నడిచిన దారంతా, తడిగా మెరుస్తోంది. పాముచారలు అప్పుడు కూడా ఎంత అందంగా ఉన్నాయో. ఇంత బతుకు బతికి నేను ఆడపిల్ల ముందు వెక్కివెక్కి ఏడ్చాను.

"ఏడ్వకు మామా" అంది. ఆమె పెదవి పగిలి నెత్తురు వస్తోంది. చీర కొంగుతో అద్దుకుంది. "అవుతలోళ్ల పెద్దాయన పిలిచిండు. పోచంపాడ్‌ల వాళ్ల తమ్ముని కొడుకు లగ్గమట, వచ్చే నెల. ఊదుత అని చెప్పిన."

"దేనితోని ఊదుతవే పిల్లా!"

"నువ్వు చేస్తవు గదా" అంది. ఆ రెండు పేళ్లనూ కండువాలో చుట్టి నా చేతికిచ్చింది. ఆ తర్వాత జంకకుండా నా కళ్లలోకి చూసి చెప్పింది. "కానీ మామా, గీపారి సక్కదనం సూడకు. ఎంకటి చిన్నబాపుకు సూపియ్యాల్నని చెయ్యకు. ఏదన్న పాతింటి టేకు దూలం సూడు, ఎండి కుదురుకున్నది. నాకు ఊదెటందుకు కావాలె."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మర్నాడు పొద్దున వేల్పూర్‌లో పాత ఇల్లు ఒకటి కూలగొడుతున్నారని తెలిసి, దూలాలు చూడడానికి బయలుదేరాను.